తాకిడి ఒకరికి, భారం మరొకరికి

ఫిబ్రవరి 4, మంగళవారం

నోరు మూత. డాక్టరు హుకుం. గుసగుసలు కూడా పనికిరావట.

"గుసగుసలాడితే గొంతుకు ఇంకా చేటు మాస్టారూ. ఆ మాత్రం దానికి కక్కుర్తి పడకండి" అన్నాడు. పాతికేళ్ళుగా అర్థశాస్త్రం అరిచి చెప్పి బతికినవాణ్ణి పట్టుకుని కక్కుర్తంటాడా! గట్టిగా నాలుగు దులిపేద్దామంటే నోరు తెరవకూడదాయె. అందుకే ఈ డైరీ. ఎవరూ చదవక్కర్లేదు. లోపల పేరుకున్న మాటలు ఎక్కడో ఒకచోట కక్కెయ్యకపోతే కడుపు ఉబ్బి చస్తాను.

నిన్న గొంతులో స్వరతంత్రి మీది కంతి తీసేశారు. బియ్యపు గింజంత కూడా లేదట. దానికోసం నాకు మత్తిచ్చి, బల్ల మీద పడుకోబెట్టి, నానా హడావుడి. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. అది మామూలు కంతో, కాన్సరో వాళ్ళు తేలుస్తారు. కాన్సరైతే స్వరపేటిక మొత్తం తీసెయ్యాల్సి రావచ్చని కూడా చెప్పాడు డాక్టరు, నేను అడక్కపోయినా. రిపోర్టుకు వారమో, పది రోజులో పడుతుందట.

కోత అయితే అయిపోయింది. హమ్మయ్య. మిగతా సంగతి నేను ఆలోచించడం లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ప్రిన్సిపాల్ ఫోను చేశాడు. ఎత్తింది మా ఆవిడ. నా క్లాసులు మైకుగారికి ఇచ్చారట!

మైకుగారంటే మా కాలేజీ కామర్స్ లెక్చరర్. ఆయన గొంతు అలాంటిది. ఆయన మూడో అంతస్తులో జమాఖర్చులు చెబుతుంటే కింద సైకిల్ స్టాండులో వాచ్‌మన్‌కు కూడా డెబిట్టు, క్రెడిట్టు వచ్చేశాయి. పాఠంలో పస ఉండదు, గొంతొక్కటే. దేవుడా, నా గొంతు లాక్కుని ఆయనకు రెండు గొంతులిచ్చావా?

అదీ ఏ పాఠం మధ్యలో! పన్నుల వర్గీకరణ. నాకు ప్రాణమైన పాఠం. మిగతావాళ్ళు దాన్ని పట్టిక గీసి బట్టీ కొట్టిస్తారు. నేనలా చెప్పను. ఎవరి దగ్గర వసూలు చేస్తారు, చివరికి ఎవరు మోస్తారు అని చూస్తే ప్రత్యక్షం, పరోక్షం. సంపాదన పెరిగేకొద్దీ రేటు పెరుగుతుందా, అందరికీ ఒకే రేటా, లేక ఉన్నవాడి కంటే లేనివాడి జేబుకే ఎక్కువ చిల్లు పడుతుందా అని చూస్తే పురోగామి, అనుపాతం, తిరోగామి. వస్తువులను లెక్కపెట్టి వేస్తారా, ధర చూసి వేస్తారా అంటే అది మరో విభజన. ఒకే పన్నును ఈ అన్ని వైపుల నుంచీ చూడొచ్చు. ఒకే మనిషి ఒకింట్లో అల్లుడు, ఇంకో ఇంట్లో మేనమామ, మరో ఇంట్లో బావమరిది అయినట్టు. ఆ ముక్క చెప్పేలోపే గొంతు పోయింది. వచ్చే నెల పరీక్షలు.

మేడ మీద మా ఇల్లు, కింద మా ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణం. కూనిరాగం తీస్తూ అద్దాలు తుడుచుకుంటోంది. మెట్ల మీద నుంచి వినిపిస్తోంది. చీకూ చింతా లేదు మనిషికి. ఒక విధంగా అదే నయం. ఇద్దరం దిగులు పడి ఎవర్ని ఉద్ధరించాలి?

నేనూ దిగులు పడటం లేదులే.

ఫిబ్రవరి 6, గురువారం

అక్కయ్య ఫోను చేసింది. మా ఆవిడ స్పీకర్ పెట్టి, నా ముందు పడేసి కిందికి పోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు మాట్లాడకు. డాక్టరు వద్దన్నాడట కదా. ఆఁ, ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?"

బల్ల మీద రెండుసార్లు కొట్టాను.

"నొప్పిగా ఉందా? అయ్యో పాపం. మీ బావక్కూడా అచ్చం ఇలాగే అయింది."

బావకు అయింది మోకాలికి.

ఆ తర్వాత తోడికోడలి సంగతి, పక్కింటివాళ్ళ గోడ సంగతి, చిన్నప్పుడు నేను ఆవిడ జడకు కుర్చీ కట్టేసిన సంగతి, అన్నీ అయ్యాయి. నేను బల్ల కొడుతూనే ఉన్నాను. ఆఖరికి, "నీతో మాట్లాడితే ఎంత హాయిగా ఉందిరా! పుట్టి బుద్ధెరిగాక నా మాట మొత్తం విన్నది ఇవాళే" అని పెట్టేసింది.

చప్పుడు లేకుండా నవ్వడం ఇంత కష్టమని తెలియదు. పొట్ట నొప్పెట్టింది. ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి నవ్వు.

ఫిబ్రవరి 8, శనివారం

ఉపాయం తట్టింది. పాఠం నేను రాస్తాను. ఎవరైనా చదివి ఫోనులో రికార్డు చేస్తే క్లాసు గ్రూపులో పెట్టెయ్యొచ్చు. మైకుగారి పీడ విరగడవుతుంది. కాకపోతే చదవడానికో గొంతు కావాలి. ఇంట్లో పనిచేస్తున్న గొంతు ఒక్కటే ఉంది.

పలక మీద రాసి చూపించాను.

"నేనా? పన్నులా?" అంది. "దుకాణంలో కట్టి చస్తున్నది చాలక పాఠం కూడా చదవాలా?"

రెండు చేతులూ జోడించాను.

"సర్లెండి, దండాలొద్దు. కానీ ఒక్క మాట. నాకు అర్థం కానిది నేను చదవను."

ఇక చూడాలి నా అవస్థ. "పన్ను తాకిడి అనగా పన్ను తొలుత ఎవరిపై విధించబడునో..." అని మొదటి వాక్యం చదివి ఆగిపోయింది.

"ఇదేం భాషండీ? పిల్లలకు చెబుతున్నారా, రాగిరేకు మీద శాసనం చెక్కిస్తున్నారా?"

పలక చెరిపాను, రాశాను, మళ్ళీ చెరిపాను. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా రాతను తలకిందులుగానే చదివేస్తూ కూర్చుంది.

"అంటే, ఈ కళ్ళజోడు మీద పన్ను సర్కారుకు కట్టేది నేను. కానీ బిల్లులో వేసి కొన్నవాళ్ళ దగ్గర రాబట్టుకుంటాను. తాకింది నన్ను, మోసింది వాళ్ళు. అంతేనా?"

అంతే అన్నట్టు తలూపాను.

"ఇంత ముక్కకు ఒకటిన్నర పేజీ రాశారా!"

జవాబు రాయబోయాను. పలక చాలలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొదటి రికార్డింగు. వంటింటి బల్ల దగ్గర. ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది: "ప్రత్యక్ష పన్ను అంటే కంటికి ఎదురుగా కనబడేది పిల్లలూ. బిల్లులో అచ్చేసి ఉంటుంది చూడండి, అదే."

ఎగిరిపడ్డాను. కళ్ళజోళ్ళు అమ్మేవాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యని తప్పు! బిల్లులో ఉండేది పరోక్షం. కట్టినవాడే మోస్తే ప్రత్యక్షం. కనబడటానికీ దానికీ సంబంధమే లేదు. పలక మీద టకటకా కొట్టాను. గాలిలో గీతలు గీశాను. కుర్చీ ఒకటి పడింది.

"అబ్బబ్బ! మీరు పక్కన చేతులు తిప్పుతూ గంతులేస్తుంటే నాకు నోరెలా తిరుగుతుంది? నేను కింద దుకాణంలో కూర్చుని చదువుకుంటాను. మీరు పైనే ఉండండి."

కాగితాలు, తన ఫోను తీసుకుని చక్కా పోయింది. ఇకమీదట అదే ఏర్పాటట. ఆవిడే చదువుతుంది, ఆవిడే గ్రూపులో పెడుతుంది. నాకు పైన కుర్చీ ఒకటి మిగిలింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

పిల్లలకు తెగ నచ్చిందట. పొద్దుటి నుంచి ఫోను నిండా అవే సందేశాలు. కళ్ళజోడు ఫ్రేముల ఉదాహరణ అట, అదిరిందట! ఫ్రేము ఏదైనా సరే, ఒక్కోదానికి ఇంత అని వేస్తే లెక్కను బట్టి వేసిన పన్ను. ధర చూసి అందులో ఇంత శాతం అంటే విలువను బట్టి వేసిన పన్ను. లెక్కను బట్టి వేస్తే బంగారు పూత ఫ్రేము కొన్న ఆసామికీ, ప్లాస్టిక్ ఫ్రేము కొన్న కూలీకీ ఒకే పన్ను. ఆసామికి చీమ కుట్టినట్టయినా ఉండదు, కూలీకి మాత్రం నడ్డి విరుగుతుంది. అదే తిరోగామి. ఈ ముక్క నా కాగితంలో లేదు. మా ఆవిడ సొంత కవిత్వం! తప్పు లేదు గనక ఊరుకున్నాను.

"మేడం మళ్ళీ ఎప్పుడు చెబుతారు సార్?" అని ఒకడు. వాడికి నేను మూడేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఒక్కరోజైనా అడిగాడా?

నేను మాత్రం రెండు ముక్కలు విని ఆపేశాను. బాగాలేక కాదు. నా పాఠం ఇక ఎప్పటికీ ఇలా ఇంకొకరి గొంతులోనే వినాలేమో అనిపించింది. అనిపించగానే ఆపేశాను. ఇక వినను.

ల్యాబ్ నుంచి కబురు లేదు. మా ఆవిడ అడగనూ లేదు. కట్టుకున్న పెళ్ళాం ఒక్కసారైనా "ఏమైందండీ" అనాలా వద్దా? అనదు. సరే, మంచిదే. రాయిలాంటి మనిషి ఇంట్లో ఒకరుండాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

కబురు లేదు. నేను ఆలోచించడం లేదు. కింద కూనిరాగం యథాప్రకారం.

ఫిబ్రవరి 13, గురువారం

మధ్యాహ్నం నుంచి వింత సందేశాలు. పాఠం గురించి ఒక్కటీ లేదు. "సార్, మీకేం కాదు." "సార్, మా నాయనమ్మకూ ఇలాగే కంతి తీశారు, బానే ఉంది సార్." ముందు బెంచీలో కూర్చుని ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసే అమ్మాయి ఒకతి ఉంది, లాయరమ్మ అంటాను నేను. ఆ పిల్ల రాసింది: "మేడం గారిని ఏడవొద్దని చెప్పండి సార్."

మా ఆవిడ ఏడవడమా? ఈ పిల్లకు మతి పోయిందా?

నాలుగింటికి మైకుగారు వచ్చాడు. ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఆయనకు అలాంటి గొంతు ఒకటుందని నాకు ఇవాళే తెలిసింది.

"మాస్టారూ, పొద్దున అమ్మగారు పంపిన పాఠం మీరు చివరిదాకా విన్నారా?"

లేదన్నట్టు తలూపాను.

"గ్రూపులోంచి నేను తీసేశాను. కానీ ఆపాటికే పిల్లలు వినేశారు. ఎవరూ నోరెత్తకూడదని గట్టిగా చెప్పాను. పాపం, వాళ్ళూ బుద్ధిగానే ఉన్నారు. మీ ఫోనులో ఉంటుంది, వినండి. అమ్మగారికి చెప్తారో మానేస్తారో మీ ఇష్టం."

మెట్లు కూడా చప్పుడు కాకుండా దిగివెళ్ళాడు.

విన్నాను.

పాఠం బాగానే ఉంది. పన్ను బదలాయింపు. "తాకిన చోట నుంచి మోసే చోటికి భారం జారిపోతుంది పిల్లలూ. పైకి ఒకరి పేరే ఉంటుంది. లోపల మోసేవాళ్ళు వేరే ఉంటారు. ఇవాళ్టికి ఇంతే" అంది. ఆపాననుకుంది. ఆగలేదు.

దుకాణం ఫోను ఎత్తిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు. బేరగాళ్ళతో మాట్లాడే నవ్వు గొంతు.

"ల్యాబేనామ్మా? నేనేనమ్మా, మళ్ళీ నేనే. గొంతు ముక్క రిపోర్టు... రాలేదా? నిన్న సాయంత్రం కూడా ఇదే అన్నారు కదమ్మా. అయ్యో, కోప్పడకు తల్లీ, నీ పని నువ్వు చేసుకుంటున్నావు, నాకు తెలుసు. సాయంత్రం ఇంకోసారి చేస్తాను. వద్దొద్దు, ఆయన నంబరుకు చెయ్యకండి. ఏదైనా ముందు నాకే చెప్పండి. మంచైనా చెడైనా ముందు నాకే."

ఫోను పెట్టేసింది. కాసేపు గుడ్డతో అద్దం రుద్దుతున్న చప్పుడు. ఆ తర్వాత ఏడుపు. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టుంది, ఊపిరి ఆడక మధ్య మధ్య ఆగుతోంది. ముక్కు చీదింది. గొంతు సవరించుకుంది. కూనిరాగం అందుకుంది. మామూలుకంటే కాస్త గట్టిగా, మేడ మీదికి వినబడాలని.

ఇంతలో తలుపు గంట మోగింది. వెంటనే, "రండి రండి! చూపు దగ్గరిదా, దూరందా?"

ఆ తర్వాత ఏదో బేరం. నేను వినలేకపోయాను.

రాయిలాంటి మనిషని రాశాను మొన్న. నాకసలు బుద్ధుందా? పాతికేళ్ళుగా తాకిడి వేరు, భారం వేరు అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టే పెద్దమనిషిని. నా ఇంట్లో, నా కాళ్ళ కింది అంతస్తులో ఎవరు ఏం మోస్తున్నారో చూసుకోలేదు. ఇంత దుఃఖం ఎక్కడ దాచుకుంది? నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. నేను ఆలోచించడం లేదని రాసిన ప్రతిసారీ దాని గురించే ఆలోచిస్తున్నాను. అక్కడ ఆవిడా అంతే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

చెప్పేశాను. పలక మీద రాశాను: ల్యాబ్‌కు ఇక నేనే వెళ్తాను.

"ఎందుకండీ? వచ్చినప్పుడు వాళ్ళే చెబుతారుగా" అంది, కాఫీ కలుపుతూ. మొహంలో ఎక్కడా తేడా లేదు. ఎంత నటి!

చెరిపి రాశాను: నిన్న నీ ఫోను ఆగలేదు.

చదివింది. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంచా వదిలేసింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"మొత్తం వచ్చిందా?"

తలూపాను.

"క్లాసు పిల్లలంతా విన్నారా?"

తలూపాను.

"ఛీ ఛీ! పరువు పోయింది!" కుర్చీలో కూలబడింది. కొంగుతో మొహం కప్పుకుంది. అంతలోనే కొంగు తీసి, "అయితే ఆ తర్వాత వచ్చినాయన బేరం కూడా విన్నారా? ఆ ఫ్రేముకు సగానికి సగం తగ్గించేశానే! ఏడుపు మొహంతో బేరమాడలేక ఎంతంటే అంతకిచ్చేశాను. రేపట్నుంచి పిల్లలంతా వాళ్ళ అమ్మానాన్నల్ని తోలుకొస్తారు, మాకూ అదే ధరకివ్వమని!"

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. శబ్దం రాకుండా ఏడవడం నవ్వడం కంటే తేలిక. కాఫీ చల్లారిపోయింది, అయినా తాగాం.

"మీరు బెంగపడతారని" అంది.

నేనూ అదే రాశాను పలక మీద. నువ్వు బెంగపడతావని.

"మనిద్దరంత తెలివైనవాళ్ళు ఈ వీధిలో ఇంకెవరూ లేరు" అంది.

మధ్యాహ్నం ఇద్దరం పడుకుని హాయిగా నిద్రపోయాం. దుకాణం తెరవలేదు. ఆపరేషన్ తర్వాత ఇంత బాగా పట్టిన నిద్ర ఇదే. ప్రాణం ఎంత తేలికపడిందో!

ఫిబ్రవరి 15, శనివారం

మైకుగారు మళ్ళీ వచ్చాడు. ఇవాళ మామూలు గొంతుతో. వీధి చివర నుంచే తెలిసిపోయింది ఆయన వస్తున్నట్టు. చిన్న పరీక్ష పెట్టాడట. పరోక్ష పన్నును ఉదాహరణతో వివరించండి అని ప్రశ్న. లాయరమ్మ జవాబుకు ఎన్ని మార్కులెయ్యాలో తెలియడం లేదట.

"మీరే చూడండి మాస్టారూ, నా వల్ల కాదు."

ఆ పిల్ల రాసింది: "ఉదాహరణకు మా సారుకి గొంతు జబ్బు. తాకిడి సారుకి. భారం మేడంకి."

మా ఆవిడ నా భుజం మీదుగా చదివింది. లోపలికెళ్ళి మైకుగారికి కాఫీ పట్టుకొచ్చింది.

నేను ఎర్ర పెన్ను తీసుకున్నాను. జబ్బు పన్ను కాదు. పన్నంటే ప్రభుత్వం వెయ్యాలి, చట్టం ఉండాలి. అర మార్కు కోశాను. మైకుగారు "అన్యాయం మాస్టారూ!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. అరిస్తే అరిచాడు. పాఠం పాఠమే.

అసలు ఆ పిల్ల ఇంకో ముక్క వదిలేసింది. భారం పూర్తిగా ఒకరి మీదికే జారదు. అమ్మేవాడూ కొనేవాడూ పంచుకుంటారు. తప్పించుకునే దారి ఎవరికి తక్కువో వాళ్ళ మీద ఎక్కువ పడుతుంది. మా ఆవిడకు దారి లేకపోలేదు. అక్కయ్యకు చెప్పుకోవచ్చు, నా మీద అరవచ్చు. ఆవిడ తప్పుకోవాలని చూడనేలేదు. గొంతు తిరిగొస్తే ఆ ముక్క క్లాసులో చెప్పాలి. పేర్లు లేకుండా.

తిరిగొస్తే.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇద్దరం కలిసే వెళ్ళాం ల్యాబ్‌కు. కౌంటరులో ఉన్న అమ్మాయి మా ఆవిడ గొంతు వినగానే గుర్తుపట్టింది.

"ఆంటీ, మీరేనా? ఫోనులో పెద్దావిడ అనుకున్నాను" అంది. తర్వాత గొంతు కాస్త తగ్గించుకుని, ముక్కను ఇంకో రకం పరీక్షకు కూడా పెట్టారని చెప్పింది. ఎందుకని అడిగితే తనకు తెలియదట. ఒక్కోసారి అలా పెడతారట. రేపు డాక్టరు దగ్గరికే పంపిస్తారట.

మామూలు కంతి అయితే రెండో పరీక్ష ఎందుకు?

దారిలో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీద ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం పెళ్ళైన కొత్తలో కూడా లేదు.

"భయమేస్తోందండీ" అంది.

నాకూ అని ఆవిడ అరచేతిలో వేలితో రాశాను. ఇంటిదాకా చెయ్యి వదల్లేదు. ఇంటికొచ్చి దుకాణం తెరిచింది. ఇవాళ కూనిరాగం లేదు. అదే నాకు ధైర్యంగా ఉంది. కిందికెళ్ళి పక్కన కూర్చుని అద్దాలు తుడిచాను. సరిగ్గా తుడవడం లేదని నాలుగు తిట్లు తిట్టింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ముందు అసలు మాట రాసేస్తాను. కాన్సర్ కాదు.

మళ్ళీ రాస్తాను. కాన్సర్ కాదు.

డాక్టరు కాగితం చూస్తున్నంతసేపూ మా ఆవిడ ఆయన కనుబొమల వంక చూస్తోంది. కనుబొమలు కదిలినప్పుడల్లా నా మోచెయ్యి నొక్కుతోంది. ఆ మోచెయ్యి ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

"మామూలు కంతి మాస్టారూ. అరిచి అరిచి తెచ్చుకున్నారు. వాళ్ళకు కాస్త అనుమానం వచ్చి రెండోసారి చూశారు. అందులోనూ ఏమీ లేదు."

"నిజంగానా?" అంది మా ఆవిడ.

"అబద్ధం చెబితే నాకేమైనా ఫీజు పెంచుతారామ్మా?"

గొంతులో అద్దం పెట్టి చూశాడు. పుండు ఆరిందన్నాడు. "ఏదీ, ఆ అనండి."

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. గాలి వచ్చింది. మా ఆవిడ నొక్కుడు ఎక్కువైంది. మళ్ళీ తెరిచాను. "ఆ." తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంది. నా గొంతు కాదది. కానీ గొంతే.

"వచ్చేస్తుంది" అన్నాడు డాక్టరు. "ఇవాళ్టికి ఒకటి రెండు మాటలు, అంతే. రేపు ఇంకాస్త. ఇకమీదట క్లాసులో మైకు పెట్టుకోండి."

మైకు! నన్ను! సరే, పెట్టుకుంటాను. ఏమైనా పెట్టుకుంటాను.

బయటికొచ్చి బస్టాపులో బల్ల మీద కూర్చున్నాం. కూర్చోగానే మా ఆవిడ ఏడుపు లంకించుకుంది. కొంగు అడ్డం లేదు, దాపరికం లేదు. పెద్దగా, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. బస్టాపులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. పక్కన కూరల సంచీతో కూర్చున్న ఒక ముసలావిడ దగ్గరికి జరిగి వీపు మీద చెయ్యేసింది.

"ఏమ్మా, ఎవరికేమైంది తల్లీ?"

"ఏం కాలేదు పెద్దమ్మా" అంది మా ఆవిడ, వెక్కుతూనే. "ఏమీ కాలేదు. అందుకే."

ముసలావిడ నా వంక చూసింది. ఏమనుకుందో ఏమో, ఒక టమాటా తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది.

నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నోట్లో పేరుకున్న మాటలు కొండంత. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో అనాలి. నీ అంత గట్టిమనిషిని చూడలేదనాలి. ఇకమీదట ఒక్కదానివే మొయ్యొద్దనాలి. ఉన్నవేమో ఒకటి రెండు మాటలు. వాటిని ఎలా పొదుపు చెయ్యాలా అని ఆలోచిస్తూ నోరు తెరిచాను. అనుకున్నదొకటీ రాలేదు.

"పద, ఇంటికి పోదాం" అన్నాను.

గేటు కిర్రుమన్నట్టే వచ్చింది. ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. టమాటా పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఏమన్నారు?"

"పద. ఇంటికి పోదాం."

డాక్టరిచ్చిన మాటలు అయిపోయాయి. బస్సు వచ్చి ఆగింది. ముసలావిడ ఎక్కి, కిటికీలోంచి రమ్మని చెయ్యి ఊపింది. మేం లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"ఇంకొక్కసారి అనండి" అంది.

అన్నాను.